విండోస్ కొనాలా, లినక్స్ వేసుకోవాలా? గోదావరి జిల్లాల షాపులు, మిల్లులు, విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ముందు దేన్ని బట్టి తేల్చుకోవాలండి?

ఏది నడవకపోతే రేపు పొద్దున్న షాపులో పని ఆగిపోతుందో ముందు అది చూసుకోండి. ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. మొదటి వరసలో రోజూ తెరిచే ప్రోగ్రాములు. రెండో వరసలో కంప్యూటరుకు తగిలించే ప్రతి వస్తువూ: ప్రింటరు, వేలిముద్ర మిషను, డిజిటల్ సంతకం టోకెను, కాటా కేబులు, బార్‌కోడ్ స్కానరు. చాలామంది మొదటి వరస రాసి ఊరుకుంటారు. దెబ్బ తగిలేది మాత్రం ఎప్పుడూ రెండో వరస దగ్గరే.

కడియంలో నర్సరీ నడిపేవారికి వాట్సాప్ వెబ్, మొక్కల ఫొటోలు, కొటేషన్ పీడీఎఫ్, మెయిలు, బ్యాంకు సైటు ఉంటే చాలు. ఇవన్నీ లినక్స్‌లో, అంటే విండోస్‌కు బదులుగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఇబ్బంది లేకుండా నడుస్తాయి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారికీ ఇంచుమించు ఇవే పనులు, పైన లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము ఒకటి. ఆ ఒక్క ట్యాలీతోనే జవాబు మారిపోతుంది. పాలకొల్లులో పెళ్ళి కార్డులు కొట్టే డీటీపీ షాపుకైతే ఇంత ఆలోచనే అక్కర్లేదు, విండోసే.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితమనేగా?

కాదు. ప్రోగ్రాము రాసిన కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని అర్థం. రెడ్ హ్యాట్ లినక్స్ ఓపెన్ సోర్సే, అయినా కంపెనీలు దానికి ఏటా చందా కడతాయి. ఇళ్ళలో, షాపుల్లో వాడే ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాలకు మాత్రం పైసా కట్టక్కర్లేదు. పోతే, ఉచితంగా దొరికేవన్నీ ఓపెన్ సోర్సూ కావు. గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్‌కు డబ్బు తీసుకోరు, కానీ అది పూర్తిగా ఓపెన్ సోర్స్ కాదు.

మా విండోస్ 10 శుభ్రంగా నడుస్తోంది. మార్చాల్సిందేనా?

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటరు ఆగదు. కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవాళ్ళు మాత్రం ఇక లేరు. ఇళ్ళలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినై, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే రుసుము లేకుండానే చేర్చుకుంటారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమనే లింకు కనిపిస్తుంది. అయితే ఇది గడువు పెంచుకోవడమే. బ్యాంకు పని జరిగే కంప్యూటరును ఆ తేదీ దాటాక విండోస్ 10తో నెట్‌కు పెట్టకండి.

అప్‌డేట్లతో ఏమవుతుందిలే అనుకునేవారు 2017 గుర్తుచేసుకోవాలి. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే ప్రోగ్రాము) ఆ ఏడాది మే నెలలో ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చేసింది. దాన్ని వేసుకోనివారూ, అప్పటికే మద్దతు ఆగిపోయిన పాత విండోస్ వాడేవారూ దొరికిపోయారు.

మా కంప్యూటరు విండోస్ 11కి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్ఐ (బయాస్‌కు కొత్త రూపం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే మొదలవనిచ్చే రక్షణ), టీపీఎం 2.0 (భద్రతా కీలు దాచే ఏర్పాటు) ఉండాలి. ఇవన్నీ ఉన్నా ప్రాసెసర్ దగ్గర చాలా కంప్యూటర్లు ఆగిపోతాయి. ఇంటెల్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం లేదా ఆ పైది కావాలి. పేరులో గీత తర్వాతి అంకెలు చూడండి. ఐ5-6500 అంటే 6వ తరం, పనికిరాదు. ఐ5-8250 అంటే 8వ తరం, పనికొస్తుంది. ఐ5-1035 చూసి 1వ తరమని కంగారుపడకండి, అక్కడ 10 కలిపి చదవాలి.

టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నమ్మొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది గానీ ఆఫ్‌లో ఉంటుంది. బయాస్‌లో, అంటే కంప్యూటరు ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగుల్లో, ఇంటెల్ బోర్డుకు పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుకు ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. ఆన్ చేసి మళ్ళీ చూడండి. రూఫస్ లాంటి సాధనంతో ఈ షరతులన్నీ దాటించి విండోస్ 11 వేసేవాళ్ళున్నారు. నడుస్తుంది. కానీ అలాంటి కంప్యూటరుకు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. అంతకన్నా ఆ 6వ తరం డబ్బాకు లినక్స్ వేసి మరో నాలుగైదేళ్ళు వాడుకోవడం మేలు.

రిపేరు షాపులో 500 రూపాయలకు విండోస్ వేసిస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

వద్దు. ఆ ధరకు జరిగేవి రెండే. ఒకటి, క్రాక్. లైసెన్సు ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే చిన్న ప్రోగ్రామును యాంటీవైరస్ ఆపేసి మరీ ఎక్కిస్తారు. దానితో పాటు ఇంకేం ఎక్కిందో వేసినవాడికీ తెలియదు. రెండోది, ఏదో కంపెనీకి వందల కంప్యూటర్ల కోసం ఇచ్చిన కీని మీకు అమ్మడం. కొన్నాళ్ళు పనిచేసి ఒకరోజు రద్దవుతుంది.

అసలు మీకు లైసెన్సు అప్పటికే ఉందేమో చూసుకోండి. విండోస్‌తో వచ్చిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్ అయితే లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే దాగి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి అదే ఎడిషన్ దించి వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. ఈ ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది. బోర్డు కాలిపోతే లైసెన్సూ పోయినట్టే. విడిగా పెట్టె కొన్న రిటైల్ లైసెన్సునైతే వేరే కంప్యూటరుకు మార్చుకోవచ్చు.

ట్యాలీ, జీఎస్టీ పని లినక్స్‌లో జరుగుతుందా?

ట్యాలీప్రైమ్‌ను విండోస్ కోసమే తయారుచేస్తారు. వైన్ అనే పొరతో లినక్స్‌లో తెరిపించినవాళ్ళు ఉన్నారు గానీ, నెలాఖరున లైసెన్సు అడిగి మొరాయించిందంటే అటు ట్యాలీవారూ ఇటు లినక్స్‌వారూ మాకు సంబంధం లేదంటారు. లెక్కల కంప్యూటరు మీద ఆ ప్రయోగం చేయకండి.

జీఎస్టీ పోర్టల్ బ్రౌజరులో నడుస్తుంది కాబట్టి లినక్స్‌లో తెరుచుకుంటుంది. సొంత వ్యాపారం, భాగస్వామ్య సంస్థ అయితే ఈవీసీ ఓటీపీతో రిటర్ను దాఖలు చేసేయొచ్చు. కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయితే డిజిటల్ సంతకం తప్పనిసరి, చిక్కు అక్కడ మొదలవుతుంది. టోకెను డ్రైవరూ, సంతకం చేసే ఎమ్‌సైనర్ ప్రోగ్రామూ, బ్రౌజరూ మూడూ ఒకదాన్నొకటి గుర్తించాలి. విండోస్‌లోనే ఇది అప్పుడప్పుడూ సతాయిస్తుంది. లినక్స్‌లో చేయించాలంటే ఓపికతో పాటు తెలిసిన మనిషి కూడా కావాలి. సంతకం టోకెనుతో పని ఉంటే ఒక విండోస్ కంప్యూటరు ఉంచుకోండి.

ఆధార్ వేలిముద్ర తీసుకునే సేవా కేంద్రాలకూ ఇదే మాట. ఆ మిషన్లు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాము నడుస్తుంటేనే పనిచేస్తాయి, తయారీదారులు దాన్ని ముందు విండోస్‌నూ ఆండ్రాయిడ్‌నూ చూసుకునే చేస్తారు.

రైస్ మిల్లులో వేబ్రిడ్జి కంప్యూటరుంది. విండోస్ 11 వేశాక కాటా బరువు రావడం లేదు. ఎందుకు?

మండపేట, రామచంద్రపురం వైపు మిల్లుల్లో ఇది మామూలైన ఫిర్యాదే. కాటా ఇండికేటరు నుంచి బరువు సీరియల్ కేబులులో వస్తుంది. కొత్త కంప్యూటర్లకు సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ కేబులు పెడతారు. చవక కేబుళ్ళలో ప్రోలిఫిక్ కంపెనీ పాత చిప్పు గానీ, దాని నకలు గానీ ఉంటుంది. కొత్త విండోస్ డ్రైవరు వాటిని కావాలనే తిరస్కరిస్తుంది. డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ కింద చూడండి. పసుపు గుర్తు పక్కన ఈ చిప్పు 2012లోనే ఆగిపోయింది, అమ్మినవారిని అడగండి అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే దోషం విండోస్‌దీ కాదు, కాటాదీ కాదు. ఎఫ్‌టీడీఐ చిప్పున్న కేబులు కొనండి.

చిత్రమేమిటంటే అదే పాత కేబులు లినక్స్‌లో నోరెత్తకుండా పనిచేస్తుంది. అలాగని మిల్లుకు లినక్స్ వేయమని చెప్పలేం. కాటా సాఫ్ట్‌వేరు అమ్మినవారు సాధారణంగా విండోస్‌కే ఇస్తారు.

కేబులు మార్చినా బరువు బదులు పిచ్చి అక్షరాలు వస్తుంటే బాడ్ రేటు, అంటే కేబులులో డేటా వెళ్ళే వేగం, కలవలేదన్నమాట. ఇండికేటరులో పెట్టిన అంకె, తరచుగా 2400 లేదా 9600, సాఫ్ట్‌వేరులోనూ అదే ఉండాలి. నిన్నటిదాకా వచ్చిన బరువు ఇవాళ అసలే రాకపోతే, ఊడ్చేటప్పుడు ఎవరో కేబులు పీకి పక్క యూఎస్‌బీలో పెట్టి ఉంటారు. కామ్ పోర్టు నంబరు మారిపోతుంది. ఏ రంధ్రంలో ఉండాలో దాని మీద పెయింటుతో చుక్క పెట్టండి.

ప్రింటర్ల సంగతేమిటి?

హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు లినక్స్‌లో తగిలించగానే పనిచేస్తాయి. బ్రదర్, ఎప్సన్ ఇంక్ ట్యాంకు ప్రింటర్లకు కంపెనీలే లినక్స్ డ్రైవర్లు ఇస్తాయి. ధాన్యం రశీదులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌లు ఎప్సన్ భాషను అర్థం చేసుకుంటాయి కాబట్టి పెద్ద చిక్కు లేదు. చిక్కంతా మన ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900తో. అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. దాన్ని లినక్స్‌లో పలికించడానికి ఒక పూట పడుతుంది, ఆ తర్వాత ఏదో ఒక అప్‌డేట్‌తో మళ్ళీ మూగబోవచ్చు. ఆ ప్రింటరే ఆధారమైతే విండోస్‌లోనే ఉండండి.

అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ షాపు లినక్స్‌కు మారొచ్చా?

మారకండి. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్, ఈ నాలుగూ లినక్స్‌కు లేవు. ఇంకో సంగతి: అను యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి అది. అందుకే ఆ ఫైలు ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. ఇరవయ్యేళ్ళుగా దాచుకున్న పెళ్ళి కార్డుల మ్యాటరంతా అందులోనే ఉంటుంది.

మ్యాటరును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి. ఎనభై శాతం బాగానే వస్తుందనుకుని మిగతాది చూడకుండా ప్రింటుకు పంపితే మాత్రం పెళ్ళికూతురి ఇంటిపేరులోనే ఒత్తు ఎగిరిపోతుంది. ప్రతి ముక్కా ప్రూఫ్ చూడాల్సిందే. కొత్త పనులను యూనికోడ్‌లో మొదలుపెట్టాలనుకుంటే ఇంక్‌స్కేప్, స్క్రైబస్ రెండూ తెలుగు ఒత్తులను సరిగ్గా కూరుస్తాయి. స్క్రైబస్ 1.6 గానీ ఆ పైది గానీ తీసుకోండి, పాత 1.4లో ఒత్తులు విడిపోతాయి. రామభద్ర, సురవరం, మండలి, పొన్నాల వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

లినక్స్‌లో తెలుగు టైపింగ్ ఎలా?

ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్‌ను (టైపింగ్ భాషలు మార్చే ప్రోగ్రాము) ఎంచుకుని, ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కండి. చాలామంది ఇది మరిచి రాలేదంటారు. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఆర్‌టీఎస్ చేతికి త్వరగా వస్తుంది. విండోస్ బొమ్మ ఉన్న మీటా, స్పేస్ మీటా కలిపి నొక్కితే భాష మారుతుంది. విండోస్‌లోనూ 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు లోపలే ఉంది, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు చెడిపోతాయా?

లిబ్రే ఆఫీస్ వాటిని తెరుస్తుంది, సేవ్ చేస్తుంది. మాక్రోలు (ఫైలు లోపలే రాసిన చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ ఫైళ్ళు మొండికేస్తాయి. వర్డ్‌లో గౌతమి ఫాంటుతో కొట్టిన తెలుగు అర్జీ లినక్స్‌లో వేరే ఫాంటుతో తెరుచుకుని రెండు పేజీలది మూడవుతుంది. ఎవరికైనా పంపేది పీడీఎఫ్‌గా పంపండి.

భీమవరంలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయికి ల్యాప్‌టాప్ కొనాలి. డాస్ ల్యాప్‌టాప్ (విండోస్ లేకుండా అమ్మేది) చవగ్గా ఉంది, తీసుకోవచ్చా?

బ్రాంచిని బట్టి. కంప్యూటర్ సైన్స్ అయితే నిస్సంకోచంగా తీసుకుని లినక్స్ వేసుకోవచ్చు. సీ, పైథాన్, జావా, డేటాబేసు అన్నీ అక్కడ ఇంకా తేలిక. సివిల్, మెకానికల్ అయితే ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ లినక్స్‌కు లేవు కాబట్టి విండోస్‌తో వచ్చిందే కొనండి. విడిగా లైసెన్సు కొనడం కన్నా ల్యాప్‌టాప్‌తో కలిపి వచ్చేదే చవక. ఉద్యోగ పరీక్షలప్పుడు కెమెరాతో కాపలా కాసే ప్రోగ్రాములు కూడా ఎక్కువగా విండోస్‌నే అడుగుతాయి. ఆఖరి ఏడాదిలో తెలిస్తే కష్టం.

విండోస్ ఉన్నా లినక్స్ నేర్చుకోవచ్చు. డబ్ల్యూఎస్ఎల్ అనే సదుపాయంతో విండోస్ లోపలే ఉబుంటు నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు.

ఏ లినక్స్ వేసుకోవాలి, ఎలా వేసుకోవాలి?

కొత్తవారికి లినక్స్ మింట్. 4 జీబీ ర్యామ్ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 జీబీ ఉంటే సినమన్. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పాత హార్డ్ డిస్కు తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా వేగంలో అసలు తేడా తెచ్చేది అదే.

ముందు బ్యాకప్. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ ఎంచుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ బయటి డిస్కుకు ఎక్కించండి. ఆ డిస్కును వేరే కంప్యూటరులో పెట్టి, ఒకటి రెండు ఫైళ్ళు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

విండోస్‌ను కూడా ఉంచుకోదలిస్తే ఇంకో రెండు పనులు. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు ఆన్ చేయకపోయినా అది ఉండొచ్చు. బయాస్‌లో మార్పులు చేస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు, లేకపోతే డేటా ఇక దక్కదు. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. తీయకపోతే విండోస్ పూర్తిగా ఆగదు, లినక్స్ నుంచి ఆ డ్రైవులోకి ఫైలు రాయనివ్వదు.

8 జీబీ పెన్‌డ్రైవులోకి మింట్ ఫైలును రూఫస్‌తో గానీ ఎచర్‌తో గానీ ఎక్కించండి. మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. పెన్‌డ్రైవుతో కంప్యూటరు తెరిచాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. అది పెన్‌డ్రైవు నుంచే నడుస్తుంది. వైఫై, సౌండు, ప్రింటరు, టచ్‌ప్యాడు అన్నీ ఒక గంట పరీక్షించండి. నచ్చకపోతే పెన్‌డ్రైవు పీకేస్తే సరి, ఏమీ మారదు.

ఇన్‌స్టాలర్‌లో మా ఎస్‌ఎస్‌డీ కనిపించడమే లేదు. పోయిందా?

పోలేదు. బయాస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే పద్ధతిలో ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా ఉంటే, మార్చేముందు సేఫ్ మోడ్‌లో మొదలయ్యేట్టు పెట్టుకోండి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగుతుంది.

వైఫై కనిపించకపోతే ఫోనును కేబులుతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫై డ్రైవరు వేసుకోండి.

రెండూ వేశాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది!

లినక్స్ బోర్డులోని గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది. విండోస్ దాన్నే మన స్థానిక సమయం అనుకుంటుంది. మనకూ యూటీసీకీ తేడా ఐదున్నర గంటలు కదా, సరిగ్గా అంతే వెనక్కి పోతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో బోర్డు గడియారాన్ని స్థానిక సమయానికి మారిస్తే కుదురుతుంది. వదిలేస్తే సమయం, ఒక్కోసారి తేదీ కూడా తప్పు చూపిస్తుంది. కంప్యూటరు తీసిన ప్రతిసారీ గడియారం ఏ 2015కో పోతుంటే అది వేరే సంగతి, బోర్డు మీద సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయింది.

వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. దేనికి నష్టం తక్కువ?

రెండింటికీ జర్నల్ అనే రక్షణ ఉంది, కరెంటు పోగానే డిస్కు పాడవదు. అప్‌డేట్ సగంలో ఉండగా పోతే రెండూ దెబ్బతింటాయి. విండోస్ అప్‌డేట్ రీస్టార్టులో ఎక్కువసేపు పడుతుంది కాబట్టి దానికి ప్రమాదం కాస్త ఎక్కువ. మింట్‌లో అప్‌డేట్ ఎప్పుడు చేయాలో మీరే ఎంచుకుంటారు. తుఫాను హెచ్చరిక ఉన్నరోజు దేన్నీ అప్‌డేట్ చేయకండి.

డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ ఉంటే ఫైలు సేవ్ చేసి ఆపడానికి సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అంటారు. కరెంటు పోగానే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టరు వెనక మీటను యూపీఎస్ మోడ్‌కు మార్చి చూడండి. మామూలు మోడ్‌లో అది మారేందుకు తీసుకునే ఆ కాస్త వ్యవధికే కంప్యూటరు ఆగిపోతుంది.

లినక్స్‌కు వైరస్‌లు రావంటారు, నిజమా?

తక్కువ. జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవుకు అంటుకునే షార్ట్‌కట్ వైరస్ లినక్స్‌లో నడవదు. పైగా అది దాచేసిన ఫోల్డర్లు అక్కడ మామూలుగానే కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు. కానీ లినక్స్‌లలో వాడే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ ముక్కలో ఎవరో దొంగదారి పెట్టారని 2024 మార్చిలో బయటపడింది. కోడ్ బయటే ఉండటం కలిసొచ్చి ఒక ఇంజనీరు పట్టుకున్నాడు, ఎక్కువ కంప్యూటర్లకు చేరకముందే ఆపగలిగారు. అదే ఏడాది జూలైలో ఒక భద్రతా సాఫ్ట్‌వేరు అప్‌డేట్ తప్పడంతో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. మోసపు లింకు నొక్కి ఓటీపీ చెప్పేస్తే మాత్రం ఏ సిస్టమ్ వాడుతున్నా డబ్బు పోయినట్టే.

లినక్స్ నచ్చకపోతే మళ్ళీ విండోస్‌కు రావొచ్చా?

రావొచ్చు. వేరే విండోస్ కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవు తయారుచేసుకోండి. కీ అడిగినచోట నా దగ్గర కీ లేదు అన్నదే నొక్కండి. ఇంతకుముందు అదే బోర్డు మీద అసలైన విండోస్ ఉండి ఉంటే, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేస్తే మాత్రం అవదు.